నూటెనభై గ్రేడు మాటలు

పలాస,
సెప్టెంబర్ 4.

నేను అర్జీలో రాసుకున్న పెద్ద ఇంగ్లిషు మాటలన్నీ కొట్టేశావు. అదీ ఎర్ర పెన్నుతో. ఒక్కోదాని మీద రెండేసి గీతలు, మళ్ళీ లేచి రాకుండా.

పేరు పెట్టి పిలవను. పిలిస్తే అక్కవి కాబట్టి ‘అప్పా’ అనాలి, అంటే కోపం దిగిపోతుంది. దిగనివ్వను.

నేను నిన్ను అడిగిందేమిటి? స్పెల్లింగులు చూడమన్నాను. చుక్కలు, కామాలు సరిచెయ్యమన్నాను. నువ్వేం చేశావు? ‘ఇండిఫ్యాటిగబుల్’ అని రాశాను, ఎంత చేసినా అలుపు ఎరగని మనిషిని అని. దాన్ని కొట్టేసి ‘హార్డ్ వర్కింగ్’ అన్నావు. ఎద్దు కూడా హార్డ్ వర్కింగే. ‘మెటిక్యులస్’ అని రాశాను, చీమ తలంత తేడా ఉన్నా పట్టేస్తాను అని. దాన్ని ‘కేర్‌ఫుల్’ చేశావు. అది రోడ్డు దాటేటప్పుడు మీ అమ్మ మనకి చెప్పే మాట. ఓనరు గారిని ‘మ్యాగ్నానిమస్’ అన్నాను, పెద్ద మనసున్నవాడని. దానికి బదులు ‘గుడ్’. పెసరట్టు కూడా గుడ్డే!

బ్యాంకు ఇంటర్వ్యూలు అయ్యేదాకా ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేసే హాస్టల్లో ఉన్నావు కాబట్టి బతికిపోయావు. లేకపోతే ఇదంతా నీ చెవిలో పడేది.

ఈ ఉద్యోగం నాకెందుకు కావాలో నీకు తెలియదా? మా ఫ్యాక్టరీ ఎక్స్‌పోర్ట్ గదిలో విదేశాల వాళ్ళకి ఉత్తరాలు రాసే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. షెడ్డులో జీడిపప్పు ఏరేవాళ్ళు కూడా అర్జీ పెట్టుకోవచ్చన్నారు. ఇంగ్లిషులో ఒక పేజీ రాసివ్వాలి, తర్వాత ఇంటర్వ్యూ. అది నెల జీతం కుర్చీ. షెడ్డులో అయితే ఏరిన కిలోకే కూలి. వారంలో రెండు రోజులు నాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్తే ఆ రెండు రోజులు నేను పనిచెయ్యనట్టే. వాళ్ళ లెక్కలో నేను బతకనట్టే.

ఇంకోటి చెప్తాను, ఎవరికీ చెప్పలేదు. నాన్న రిపోర్టు మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరు గారు ‘క్రియాటినిన్ ఎక్కువుంది’ అన్నారు. నాన్న తలూపాడు. ఏ తుఫానుకీ తల వంచని మనిషి, ఒక మాట ముందు తలూపి ఊరుకున్నాడు. బయటికొచ్చాక ‘ఏటన్నారే?’ అని నన్నడిగాడు. నాకూ తెలియదు. మన తీరంలో ప్రతి ఇంట్లోనూ పలికే మాట అది. అర్థం ఎవరికీ తెలియదు. ఆ రోజు ఆటోలో కూర్చుని ఫోన్లో వెతికాను. కిడ్నీలు బయటికి పంపలేక రక్తంలో మిగిలిపోయే మలినం అట. అప్పటి నుంచి పెద్ద మాట కనిపిస్తే వదలను. మెడ పట్టుకుని అర్థం చెప్పించుకుంటాను. అదే రోజు మూడుసార్లు మనుషుల మీద వాడతాను. వాడకపోతే అది నాది కాదు.

పదో తరగతితో బడి మానేసినదాన్ని. వీటిని ఎవరూ నాకు ఇవ్వలేదు. నేను సంపాదించుకున్నాను. నువ్వెవరు కొట్టెయ్యడానికి?

ఒక్కో మాటా ఎందుకు కొట్టేశావో కారణం రాసి పంపు. వచ్చే గురువారానికి నాకు అందాలి. ఆ మర్నాడు అర్జీలు తీసుకుంటారు.

కుసుమ.

*

విశాఖపట్నం,
సెప్టెంబర్ 8.

నిప్పురవ్వ కుసుమకి,

అప్ప దీవెనలు. నీ ఉత్తరం చదువుతుంటే మా రూములో యామిని అనే అమ్మాయి ‘ఎవరైనా పోయారా?’ అని అడిగింది. ‘లేదు, నన్ను చంపుతోంది’ అన్నాను.

పెదనాన్న ఎలా ఉన్నారు? ఉప్పు చేప తినడం మానారా, లేక నువ్వు షెడ్డుకెళ్ళగానే అటక మీద వెతుకుతున్నారా? అమ్మ పంపిన కొబ్బరి ఉండలు అందాయని చెప్పు. రెండే నా దాకా వచ్చాయి, మిగతావి గదిలో దోపిడీ అయిపోయాయి. మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. కానీ వల లేదు, తెప్ప లేదు, చేపల వాసన లేదు. మన సముద్రాన్ని ఎవరో ఉతికి ఆరేసినట్టు ఉంటుంది.

ఇక మాటల సంగతి. చెల్లీ, నీ కాగితం చదివితే మాటలే కనిపించాయి, నువ్వు కనిపించలేదు. చదివేవాడికి మాట దగ్గరే కాలు తడబడితే మనిషి దాకా రాడు. నువ్వు రాసినవన్నీ సరైన మాటలే, ఒక్క తప్పు లేదు. కానీ సరైనవి అయినంత మాత్రాన చాలదు. మన చోటు చూసుకుని మాట్లాడాలి. నా మాట విను. చిన్న మాటలతోనే ఇవ్వు.

కారణాలు ఒక్కొక్కటీ రాయమన్నావు. రాయలేను. అన్నిటికీ ఒకటే కారణం, అది కాగితం మీద పెట్టబుద్ధి కావడం లేదు.

ఇక్కడ క్లాసులు బాగానే ఉన్నాయి. నేను ఈమధ్య తక్కువ మాట్లాడుతున్నాను. గొంతు బాగుండటం లేదు.

కోప్పడినా అన్నం తిని కోప్పడు.

నీ
ఇందుమతి.

*

పలాస,
సెప్టెంబర్ 12, మధ్యాహ్నం భోజనం వేళ.

మన చోటా?

బాగుంది ఇందప్పా, చాలా బాగుంది. మన చోటు షెడ్డు. షెడ్డు పిల్లకి చిన్న మాటలు చాలు. బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్లకి పెద్దవి. ఇన్నాళ్ళూ నువ్వు నాలాంటిదానివే అనుకున్నాను. మీ నాన్నా మా నాన్నా ఒకే తెప్ప మీద వెళ్ళినవాళ్ళు కదా అనుకున్నాను.

అదొక్కటే అయితే మింగేద్దును. మొన్న ఆదివారం వార్డెన్ ఫోన్ నుంచి మీ అమ్మతో మాట్లాడావట. పిన్ని సాయంత్రం మా ఇంటికొచ్చి గుమ్మంలోనే చెప్పింది, ‘ఓలే కుసుమా, ఆ ఇంటర్వూకి నిన్ను ఎల్లొద్దని సెప్పమందే ఇందూ’ అని. మా నాన్న ముందే. ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నాకు ఉద్యోగం వస్తే మంగళవారాలు, శనివారాలు నా కూలి పోవడం ఆయన వల్లేనన్న బాధ పోతుందని ఆయన ఆశ. ఆ ఆశ మీద నువ్వు చన్నీళ్ళు పోశావు.

అందుకే విను. ఇవాళ పొద్దున్నే అర్జీ ఇచ్చేశాను. నువ్వు కొట్టేసిన ప్రతి మాటా తిరిగి పెట్టాను. ‘పర్స్పికేషియస్’ అని ఇంకోటి కూడా కలిపాను. చూడగానే లోపలి సంగతి పసిగట్టేవాళ్ళు అని. ఇంటర్వ్యూ పంతొమ్మిదో తారీఖు. వెళ్తున్నాను.

పెద్ద మాట ఎందుకు గొప్పదో నీకు చెప్తాను, నువ్వు ఎప్పుడూ మా బల్ల ముందు కూర్చోలేదు కాబట్టి. పప్పు మా ముందుకు రాశిగా వస్తుంది. విరగని గుండ్లు ఒక పక్క, రెండుగా చీలిన బద్దలు ఒక పక్క, ముక్కలు ఒక పక్క. గుండ్లలో మళ్ళీ సైజులు. అన్నిటికన్నా పెద్ద గుండు నూటెనభై. ఒక పౌనుకి నూటెనభై గుండ్లే తూగుతాయి, అంత లావు. దాన్ని చేత్తో తీస్తేనే మనసు నిండుతుంది. తర్వాత రెండొందల నలభై, తర్వాత మూడొందల ఇరవై. చిన్నదయ్యేకొద్దీ ధర తగ్గుతుంది. పెద్దదానికే విలువ. పలాసలో పాలు తాగే పిల్లకి కూడా ఇది తెలుసు. ‘ఇండిఫ్యాటిగబుల్’ నూటెనభై. నీ ‘గుడ్’ మిఠాయి కొట్టుకి వెళ్ళే నూక. నా కాగితంలో నూకలు పోసి పంపమంటావా?

మా షెడ్డులో నా మాటలకి ఎంత గిరాకీ ఉందో తెలుసా? మేస్త్రి దానయ్య ఫ్యాన్లు వెయ్యడు, పప్పు మీద దుమ్ము పడుతుందని. మేం చెమటతో నానిపోతాం. నిన్న బుచ్చమ్మత్త నన్ను గోకింది.

‘ఓలే ఇంగిలీసు గుంటా, ఈడిని తిట్టడానికి ఓ మంచి మాట సెప్పే.’

‘అబ్‌స్టినేట్ అను అత్తా. మొండోడని.’

‘మొండోడంటే సాలదేటి?’

‘మొండోడంటే ఆడికి అర్తమైపోద్ది కదా!’

బుచ్చమ్మత్తకి పళ్ళు నాలుగే. అయినా రోజంతా సాధన చేసింది. సాయంత్రం తూకం దగ్గర దానయ్య ముందు నిలబడి, ‘బాబూ, నువ్వు అబ్బస్టినేటు’ అంది. వాడు మురిసిపోయి ‘ఏదో అత్తా, మీ దయ’ అన్నాడు. బల్ల మీద పప్పు ఎగిరిపడేలా నవ్వాం. ఇవాళ నలుగురు కొత్త మాటలు అడిగారు. ఒకామెకి అత్తగారి కోసం కావాలట.

ఇంత సంతోషం నీకు చెప్పుకోవాలని రాయడం మొదలుపెట్టి, మళ్ళీ కోపమొచ్చి ముగిస్తున్నాను.

నన్ను ఎందుకు వెళ్ళొద్దన్నావో ఇంటర్వ్యూకి ముందే నాకు తెలియాలి. పద్దెనిమిదో తారీఖు పోస్టులో నీ ఉత్తరం లేకపోతే నువ్వు నన్ను తక్కువగా చూశావనే రాసుకుంటాను. ఇక చెరిపేది లేదు.

కుసుమ.

*

విశాఖపట్నం,
సెప్టెంబర్ 15.

కుసుమా, నా చెల్లీ,

ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. పద్దెనిమిదికి అందాలని మన ఊరి అమ్మవారికి మొక్కుకున్నాను కూడా.

అమ్మ సగమే చెప్పింది. ‘ఆ మాటలు పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్ళొద్దని చెప్పు’ అన్నాను. వార్డెన్ పక్కనే నిలబడి గడియారం చూస్తోంది. అమ్మ ‘సర్లే సర్లే’ అని పెట్టేసింది. ఆమె ఎప్పుడూ అంతే కదా, కబురులో సగం దారిలోనే ఖర్చు చేసేస్తుంది. పెదనాన్నకి ఇది చదివి వినిపించు.

‘మన చోటు’ అన్నది షెడ్డుని కాదు. మనిద్దరినీ. ఇప్పుడు అసలు సంగతి రాస్తాను.

పోయిన నెల ఇక్కడ ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టారు. అందరి ముందు. బయటి నుంచి వచ్చి పాఠాలు చెప్పే ఒక సార్ నన్ను ‘మీ ప్రాంతం గురించి చెప్పండి’ అన్నారు. ఏం చెప్పాలో నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ‘మా ఉద్దానం జనం ఇండామిటబుల్’ అన్నాను. ఎన్ని తుఫాన్లు కొట్టినా, ఎంత జబ్బు చేసినా లొంగనివాళ్ళు అని. ఆ మాట ఎవరిదో నీకు తెలుసు. పోయిన ఏడాది నువ్వే పంపావు, ‘ఇది మా నాన్న’ అని పక్కన రాసి.

ఆయన నవ్వాడు. ‘డిక్షనరీ మింగి వచ్చావా అమ్మా? మీ ఊళ్ళో చేపలు అమ్మేటప్పుడు కూడా ఇలాగే మాట్లాడతారా?’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆయన ఇంకేవో ప్రశ్నలు వేశాడు, నా నోరు పెగల్లేదు. ఆ రోజు నుంచి క్లాసులో నోరు విప్పలేదు. గొంతు బాగుండటం లేదని రాసింది అదే. గొంతు బాగానే ఉంది.

నీ కాగితం వచ్చినప్పుడు ప్రతి పెద్ద మాటలోనూ ఆ నవ్వు వినిపించింది. నిన్ను కూడా అలా నవ్వుతారని భయపడ్డాను. అందుకే కొట్టేశాను. నీ మాట వల్లే నన్ను నవ్వారని నీకెలా రాయను? పెదనాన్న కోసం రాసుకున్న మాట అది.

నా అసలు ఇంటర్వ్యూ అక్టోబర్ ఆరున. వెళ్ళాలని లేదు. సామాను సర్దుకుని వచ్చేద్దామని రోజూ అనుకుంటున్నాను. అమ్మకి చెప్పకు.

నువ్వు మాత్రం వెళ్ళు. వాళ్ళు నవ్వితే తలొంచుకో, వాదించకు. నీ సంగతి నాకు తెలుసు.

ఇందు.

*

పలాస,
సెప్టెంబర్ 21, ఆదివారం.

వాదించాను!

ఇందప్పా, నీ ఉత్తరం పద్దెనిమిదినే వచ్చింది. చదివి సగం ఏడ్చాను, సగం పళ్ళు కొరికాను. నాన్నకి వినిపించాను. ‘ఇండామిటబుల్’ దగ్గర ఆపి అర్థం చెప్పాను. ఇన్నాళ్ళూ ఆయనకి చెప్పలేదు, సిగ్గేసి. విని ‘నన్ను సూసి అన్నావేటి ఆ మాట? మరి ఆడెందుకు నవ్వేడు?’ అన్నాడు. ఆ ప్రశ్న మోసుకునే ఇంటర్వ్యూకి వెళ్ళాను.

ఓనరు గారు, ఆయన పక్కన విదేశాలకి సరుకు పంపించే ఏజెంటు సీతారాం గారు. గదిలో ఏసీ ఎంత చల్లగా ఉందంటే నా చేతుల మీది పప్పు పొట్టు గడ్డకట్టింది. సీతారాం గారు నా కాగితం తీసి చదివారు. రెండో వాక్యంలోనే పగలబడి నవ్వారు. ఆయన నవ్వారని ఓనరు గారు కూడా నవ్వారు.

నీకు జరిగిందే అచ్చంగా. నా చెవులు కాలిపోయాయి. తలొంచుకోమన్నావు కదా, వంచాను కూడా. వంచాక నాన్న మాట గుర్తొచ్చింది. తలెత్తి అడిగేశాను, ‘సార్, నవ్వుతున్నారు. ఇందులో ఏ మాట తప్పు?’ అని.

ఆయన నవ్వు ఆపారు. ‘తప్పేం లేదమ్మా. అన్నీ కరెక్టే.’

‘కరెక్టైతే నవ్వెందుకు సార్? తప్పైతే సెప్పండి, నేర్సుకుంటాను. తప్పు కాకపోతే నవ్వకండి.’ కంగారులో మన యాస వచ్చేసింది. రానీ.

ఓనరు గారు కుర్చీలో కదిలారు. అయిపోయింది, పంపించేస్తారు అనుకున్నాను. సీతారాం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ‘అడిగావు కాబట్టి చెప్తాను, కూర్చో’ అన్నారు. ‘మన పప్పు కొనేవాడు ఎక్కడుంటాడు?’

‘రోటర్‌డామ్ సార్. పెట్టెల మీద ఉంటది.’

‘వాడి ఇంట్లో ఇంగ్లిషు మాట్లాడరమ్మా. వాడూ నీలాగే నేర్చుకున్నాడు. పొద్దున్న వందమంది రాసినవి చదవాలి. నీ ఉత్తరం దగ్గర డిక్షనరీ తియ్యమంటే తీస్తాడా?’

అప్పా, నేను ఒట్టి మూర్ఖురాలిని. ఇంగ్లిషు తెలిసిన ప్రతివాడూ ఇంగ్లిషులోనే పుట్టాడనుకున్నాను. ఆ రోటర్‌డామ్ వాడు కూడా ఎక్కడో ఆటోలో కూర్చుని మాటల అర్థాలు వెతికి ఉంటాడని నాకు తట్టలేదు. వెంటనే నా నోట్లోంచి వచ్చేసింది, ‘అయితే మూడొందల ఇరవై పెట్టెలో నూటెనభై కలిపేశాను సార్’ అని.

ఓనరు గారికి ఠక్కున అర్థమైంది. ఈసారి నవ్వింది ఆయన, అది వేరే నవ్వు. పెద్దవీ చిన్నవీ కలిపి వేయిస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. పెద్దది పచ్చిగా ఉండిపోతుంది, చిన్నది మాడిపోతుంది. నూటెనభై గొప్పదే. కానీ ఏ పెట్టెలో ఏది వెయ్యాలో ఆర్డరు చెప్తుంది, పప్పు కాదు. నేను రోజూ చేసే పనే ఇది! మాటల దగ్గరికొచ్చేసరికి లావుగా కనిపించినవన్నీ ఒకే పెట్టెలో పోసేశాను.

‘సరే, ఇప్పుడు రాయి’ అన్నారు సీతారాం గారు. గుండ్ల పెట్టెలో బద్దలు వచ్చాయని ఒకడు కోపంగా ఫిర్యాదు చేశాడట. దానికి జవాబు. అక్కడే కూర్చుని రాశాను. పొట్టి పొట్టి వాక్యాలు. మీ పెట్టె ఫొటోలు చూశాం. బద్దలు ఉన్నమాట నిజం. ఏ రోజు ప్యాకింగో కనుక్కున్నాం. వేరే పెట్టె పంపుతాం. ఇలా. నువ్వు చూస్తే ఎర్ర పెన్ను మూతే తియ్యవు. ఒక్కచోట తప్ప.

ఆ ఒక్కచోట ‘ఇన్‌అడ్వర్టెంట్’ అని రాశాను. సీతారాం గారు దాని మీద వేలు పెట్టి, ‘ఇది మళ్ళీ ఎందుకు?’ అన్నారు.

‘ఉండాలి సార్. ఒట్టి తప్పు అని రాస్తే కావాలని కలిపామేమో అనుకుంటాడు. చూసుకోకుండా జరిగింది, మోసం కాదు అని ఒక్క మాటలో సెప్పాలి. దీనికి చిన్నది నాకు దొరకలేదు. మీకు తెలిస్తే మార్చండి.’

ఆయన పైకి చూసి ఆలోచించారు. చాలాసేపు ఆలోచించారు. చివరికి ‘ఉంచు’ అన్నారు.

వచ్చింది అప్పా! ఉద్యోగం వచ్చింది! అక్టోబర్ ఒకటి నుంచి. మూడు నెలలు చూస్తారట. చూసుకోనీ. మంగళ, శనివారాల్లో నాన్నని డయాలసిస్‌లో కూర్చోబెట్టి మధ్యాహ్నం వస్తాను, జీతం కొయ్యకూడదు అన్నాను. ఓనరు గారు గొణిగారు. సాయంత్రం ఎక్కువసేపు ఉండాలన్నారు. ఉంటాను. బయటికొచ్చి ఇంటి దాకా పరుగెత్తలేను కాబట్టి షెడ్డు దాకా పరుగెత్తాను. బుచ్చమ్మత్త పొట్టు చేతులతోనే నా మొహం పట్టుకుని, ‘ఓలమ్మో, మరింక మాకు తిట్లు ఎవులు సెప్తారే?’ అని ఏడ్చింది. నాన్నకి చెప్తే ఊరికే సముద్రం వైపు నడిచాడు. వెనకే వెళ్ళాను. ఆపి ఉంచిన తెప్ప మీద చెయ్యేసి నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు నా చెప్పులు ఆయనే మోశాడు.

నా పని అయింది. ఇక నీది.

నన్ను నవ్విన మనిషిని నేను అడిగాను. అడిగితే నవ్వు వెనక ఒక కారణం బయటపడింది, అది నాకు పనికొచ్చింది. నిన్ను నవ్విన మనిషిని నువ్వు అడగలేదు. ఆయన వెనక కారణం ఉందో, ఒట్టి పొగరే ఉందో నీకు తెలియదు. తెలియకుండానే నెల రోజులుగా నోరు కుట్టుకున్నావు, ఇప్పుడు పెట్టె సర్దుతానంటున్నావు. నీ మాట నా మాటల్లాంటిది కాదు. నేను ఓనరుని మెప్పించడానికి రాశాను. నువ్వు మన జనాన్ని చూసి అన్నావు. నాన్న గురించి చెప్పడానికి అంతకన్నా చిన్న మాట ఏదైనా ఉందా? నేను రెండు రోజులుగా వెతుకుతున్నాను, దొరకలేదు. చేపలు అమ్మేవాళ్ళ గురించి ఆయన అన్నదానికి మాత్రం క్షమాపణ వేరే రావాలి.

ఆయన దగ్గరికి వెళ్ళు. క్లాసు ముందే నిలబడు. ‘సార్, ఆ రోజు నేను అన్న మాటలో ఏది తప్పు?’ అని అడుగు. ఆయన ఏమన్నాడో, నువ్వు ఏమన్నావో ఒక్క ముక్క పోకుండా రాయి. పిన్ని ద్వారా కబురు పంపకు, సగమే అందుతుంది. అక్టోబర్ ఆరున వెళ్తున్నావో లేదో కూడా అందులోనే ఉండాలి.

శనివారం సాయంత్రం లోపల నీ జవాబు నా చేతిలో పడాలి. పడకపోతే ఆదివారం పొద్దున్న పలాసలో మొదటి రైలు ఎక్కుతాను. నాన్న కూడా వస్తానంటున్నాడు. ఇద్దరం మీ క్లాసులో కూర్చుంటాం, ఆ ప్రశ్న నాన్నే అడుగుతాడు, మన యాసలో.

శనివారం.

కుసుమ.